కమాలుద్దీన్ సలాము మచ్చలు

తిరువూరు బస్టాండు వీధిలో నా టీ కొట్టు పక్కనే వడ్రంగి కమాలుద్దీన్ దుకాణం. ఊళ్ళో అంత మర్యాదస్తుడు లేడు. ఆ మర్యాదతోనే నా ప్రాణం తీశాడు.

డెబ్భై ఆరులో బెజవాడ నుంచి బల్ల అంచులు గుండ్రంగా చెక్కే కరెంటు మిషను తెచ్చాడు. వీధి వీధంతా దాని గొప్ప చెప్పుకున్నాడు. మొదటి పని మా చర్చి పీఠానికి టేకు బల్ల. చర్చి పెద్ద జోజప్ప గారు ముందే తేల్చేశారు.

"ఒక్క నల్లమచ్చ కనపడినా బల్ల నీ కొట్లోనే ఉంచుకో. ఆదివారానికి పాత బల్లే వేసుకుంటాం."

గురువారానికి అంచు మీద ఏడు మచ్చలు, అన్నీ కాలినవే. కమాలుద్దీన్ మిషను కత్తికి సాన పట్టాడు, దానికంటిన జిగురు కిరసనాయిలుతో కడిగాడు. కరెంటుని తిట్టాడు, టేకుని తిట్టాడు. మళ్ళీ మచ్చ పడింది.

గ్లాసులు కడుగుతూ అంతా చూస్తూనే ఉన్నాను. చేత్తో చిత్రిక పట్టే రోజుల నుంచీ, ఎవరు పలకరించినా పని ఆపి, నుదుటికి చెయ్యెత్తి సలాము చెయ్యడం అతని అలవాటు. చిత్రిక ఆపితే ఆగుతుంది. ఈ మిషను అలా కాదు. మనిషి ఆగినా కత్తి అక్కడే గిర్రున తిరుగుతూ చెక్కని కాల్చేస్తుంది.

ఇక ఉండబట్టక వెళ్ళి, వేలు పెట్టి చూపించాను.

"ఇది ఆదిశేషయ్య గారి మచ్చ. ఇది సరోజినీదేవి టీచరమ్మది. ఈ పొడుగాటిది వినగడప నుంచొచ్చిన మా మామది. ఆయన కోళ్ళ బాగోగులు కూడా అడిగావుగా! మధ్యలో ఆగకుండా ఒకే నడకన తోసుకెళ్ళవయ్యా బాబూ!"

"పెద్దమనిషి పలకరిస్తే పలక్కుండా ఎట్టా ఏసోబూ?"

అతని భార్య మహబూబీ చెంబు తెచ్చి, అతని నోటినిండా నీళ్ళు పోసింది.

"పనయ్యేలోగా మింగారో, మా పుట్టింటికి పోతాను."

నోరు లేవకపోతే అతనికి చెయ్యీ లేవదు. ఆ సంగతి ఆమెకే తెలుసు. ఈసారి పైపైన పలచగా, ఎక్కడా ఆగకుండా మిషను పోనిచ్చాడు. మూడు వైపులా పాత మచ్చలు పొట్టుతో పాటు రాలిపోయాయి. నాలుగో వైపు సగంలో ఉండగా సాక్షాత్తూ జోజప్ప గారే వచ్చారు.

"ఏం కమాలుద్దీన్, ఎంతదాకా వచ్చింది?"

కమాలుద్దీన్ బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు మిటకరించాయి. చెయ్యి మాత్రం ఆగలేదు.

"నిన్నేనయ్యా! మిషను రాగానే మనుషులు కంటికి ఆనట్లేదా?"

నాకు ఏడుపొక్కటే తక్కువ. కమాలుద్దీన్ చివరి జానెడూ దాటించి, మిషను ఆపి, గుటుక్కున మింగాడు.

"సలామండీ! నోట్లో నీళ్ళండీ!"

జోజప్ప గారు అంచంతా తడిమి చూశారు. ఒక్క మచ్చ లేదు. వచ్చిన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నన్ను టీ అడిగారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక కమాలుద్దీన్‌ని లోపలికి పిలిచాం. బల్ల మీద తెల్లగుడ్డ నేలదాకా దిగి ఉంది. అంచు అంగుళమైనా కనపడలేదు. పాపం, అతని ముఖం చూసి నాకు ఆ గుడ్డ మీద ఒళ్ళు మండిపోయింది.

జోజప్ప గారే వెళ్ళి గుడ్డ పైకి మడిచారు. జనం వరసగా వచ్చి అంచు తడిమి, "బాగుందయ్యా కమాలూ" అన్నారు. చేతిలో పనేం లేదు కదా, ఒక్కొక్కరికీ తీరిగ్గా సలాము చేశాడు. బల్ల ఎక్కడా కాలలేదు.