నైట్ డ్యూటీ మనిషి

కల్యాణ్ పడుకున్న గది తలుపు తీస్తే లోవలక్ష్మి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది. ఉతకని దుప్పటి, జిడ్డు తలగడ, ఎప్పుడో సగం తిని వదిలేసిన ఇడ్లీ మీద ఈగలు. గడ్డం మాసిన మొగుడు గోడవైపు తిరిగి ఆ ఒక్క మీటింగునే నెమరేస్తుంటాడు. మేనేజరు అలా అన్నప్పుడు తను ఇలా అనుండాల్సింది, అనలేదు కాబట్టే కంపెనీ బయటికి పంపింది, తను ఎందుకూ పనికిరాడు. ఏడు నెలలుగా ఇదే పాట. ఆమెకు జాలి రెండు నెలలకే అయిపోయింది. మిగిలింది అసహ్యం.

డాక్టరు మాత్రలిచ్చి, "ఇవి సగమే పనిచేస్తాయి. మనిషి పొద్దున్నే లేచి బయటికి వెళ్ళాలి, నలుగురితో మాట్లాడాలి" అన్నాడు. వెళ్ళడమెలా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని, ఉద్యోగం పోయిన వారమే లోవలక్ష్మి సీతాఫల్‌మండిలోని ఆ బిల్డింగంతా చాటేసింది, మా ఆయనకి నైట్ డ్యూటీ, అమెరికా వాళ్ళ టైము అని. రాత్రి పదకొండుకి మెయిన్ రోడ్డు మీదికి కారొస్తుందంటే ఎవరు మేలుకుని చూస్తారు? సాఫ్ట్‌వేరంటే జనం దణ్ణం పెడుతున్న రోజులవి. అబద్ధం అతికినట్టుండాలంటారు. ఇది అతుక్కుపోయింది. ఎదురింటి బాలమ్మ తన మనవళ్ళను పగలు వరండాలో ఆడనివ్వడం మానేసింది. కింది వాళ్ళు టీవీ గొంతు తగ్గించారు. మనిషి మంచంలో కుళ్ళిపోవడానికి ఎంత నిశ్శబ్దం కావాలో అంతా ఇరుగుపొరుగే సమకూర్చారు.

ఆ సోమవారం మాత్రం లోవలక్ష్మి పట్టు వదల్లేదు. పాత కంపెనీలో కలిసి పనిచేసిన రాఘవేందర్ నేరేడ్‌మెట్‌లో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. పదకొండింటికి ఒక్క క్లాసు చెప్పి చూపిస్తే రోజూ రెండు గంటల పని ఇస్తాడు. ఇవాళ రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని తేల్చేశాడు.

"లెగండి" అని దుప్పటి లాగింది. నీళ్ళు తోడింది, చొక్కా గుండీలు తనే పెట్టింది. పదింటికి కల్యాణ్ గడప దాటాడు.

వరండాలో బియ్యం ఏరుతున్న బాలమ్మ కంగారుపడింది. "ఏంది బాబూ, పండుకునే టైముల బూట్లేసినవ్? రాత్రంత డ్యూటీ చేసి వస్తివి. పోయి జెర పండుకో. పిల్లలేమన్న సప్పుడు చేసిన్రా? నేను బెదిరిస్త తియ్."

కల్యాణ్ ఆగిపోయాడు. "అవును, తల బరువుగా ఉంది. రేపు వెళ్తాలే" అన్నాడు పెళ్ళాంతో.

బూటు విప్పడానికి వంగినప్పుడు ఆ మొహంలో ఎంత హాయో! అది చూసి లోవలక్ష్మికి వెగటు పుట్టింది. మరుక్షణం ఆ వెగటు తన మీదికే తిరిగింది. అతనికి ఆ మంచం మీద పక్క పరిచిందెవరు? పరువు పేరు చెప్పి రోజూ దులిపి వేస్తున్నదెవరు?

"ఆయనకి నైట్ డ్యూటీ లేదు పిన్నిగారూ" అంది, కింది మెట్ల దాకా వినపడేలా. "ఉద్యోగమే లేదు. ఊడి ఏడు నెలలైంది. దిగులు జబ్బుకి మందులేసుకుంటున్నారు. నేనే అబద్ధం చెప్పేను."

బాలమ్మ చేట పక్కన పెట్టింది. "ఏడు నెలల సంది పోరగాళ్ళ నోళ్ళు మూయించిన గదనే!"

కల్యాణ్ మొహం కందిపోయింది. "సిగ్గులేదే నీకు? నలుగురిలో నా పరువు తీసేవు!" అని అరిచాడు. ఆ గొంతు పైకి లేచి ఎన్నాళ్ళయిందో. లోపలికి వెళ్ళబోతే లోవలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఇటు పెళ్ళాం, అటు బాలమ్మ చూపు. తిట్టుకుంటూ మెట్లు దిగాడు.

లోవలక్ష్మి పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. గల్లీ మలుపులో అతను ఆటో ఎక్కడం కనిపించింది. నేరేడ్‌మెట్‌కో, ఇంకెక్కడికో.

"గట్ల మొహం మీదనే చెప్తరా బిడ్డా?" అంది బాలమ్మ. "మల్లొచ్చి లొల్లి చేస్తే?"

"చెయ్యనీండి పిన్నిగారూ. నన్ను తిట్టడానికైనా మంచం మీంచి లెగుస్తారు."