కళాయి పోయిన గుండిగ

నా కోపం సంగతి జగ్గయ్యపేట బట్టల బజారులో ఎవరినడిగినా చెబుతారు. గుడ్డ కొలతలో వేలెడు తేడా వస్తే గుమస్తాను వీధి చివరిదాకా వినపడేలా తిట్టేవాణ్ణి. అలాంటివాణ్ణి ఆ వ్యాపారం తమ్ముడికి అప్పగించి, పందొమ్మిదివందల యాభై ఏడులో నందిగామలో బస్సులు ఆగేచోట కాఫీ హోటలు పెట్టాను. అప్పటికి వంట గురించి నాకు తెలిసిందల్లా తినడం.

వంటకు వీరరాఘవయ్యగారని ఒక పెద్దాయన కుదిరారు. బ్రాహ్మలు, మంచి చెయ్యి. గిన్నెలు తోమడానికి కీసర నుంచి వచ్చిన జయమణి కుదిరింది. భర్త పోయాడు, ఇద్దరు పిల్లలు, ఈ పని తప్ప మరో ఆధారం లేదు. ఆమె పనంతా దొడ్లో బావి దగ్గరే. వంటింటి గడప దాటకూడదు. తోమిన గిన్నెలు అరుగు మీద బోర్లిస్తే, వీరరాఘవయ్యగారు వాటిమీద చెంబెడు నీళ్లు పోసి లోపలికి తీసుకునేవారు. అలా ఎందుకని అడిగేవాళ్లు ఆ రోజుల్లో లేరు. నేనూ అడగలేదు.

“మాడు కనపడకూడదు, జిడ్డు తగలకూడదు, ఇత్తడి బంగారంలా మెరవాలి,” అని మొదటిరోజే చెప్పాను. జయమణి చింతపండూ బూడిదా పెట్టి అలాగే మెరిపించేది.

ఒకసారి వేదాద్రి యాత్రకు వెళ్లే నలభైమంది మర్నాటికి భోజనాలు చెప్పారు. పెద్ద గుండిగ ఎలా ఉందోనని వంగి చూశాను. బయట పచ్చగా ధగధగ, లోపలేమో పాలిపోయిన తెలుపు.

“ఏంటిది జయమణీ? పైన పటారం, లోన లొటారమా?”

“అది మకిలి కాదండి శెట్టిగారూ, కళాయండి, తగరం పూత. లోపల తెల్లగానే ఉండాలి. గట్టిగా తోమితే పోద్దండి.”

“బద్ధకానికి పేర్లు పెట్టమాక!”

“నా పిల్లల తోడండి, బద్ధకం కాదు.”

నేను పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు. పంచె ఎగ్గట్టి బావి దగ్గర కూర్చున్నాను. ఇటికపొడి, ఇసుక, కొబ్బరిపీచు తెప్పించుకుని, నాలో ఉన్న మంకుతనమంతా పెట్టి గంటసేపు తోమాను. వద్దండీ అని జయమణి రెండుసార్లు బతిమాలింది. చివరికి లోపల కూడా పసుపుపచ్చగా మెరిసింది.

“చూశావా, తోమడమంటే ఇదీ! చేతకాకపోతే రేపట్నుంచి రావద్దు.”

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. “దొడ్డి తాళంచెవి ఇంటికాడుందండి. పొద్దున తెచ్చిస్తా,” అని వెళ్లిపోయింది.

తెల్లారేసరికి వీరరాఘవయ్యగారికి జ్వరం. దుప్పటి కప్పుకుని వసారాలో పడుకుని ఆయన చెబుతుంటే, నేనే గరిటె పట్టాను. సొరకాయ ముక్కలు, మునక్కాయలు వేసి, ఆ పెద్ద గుండిగలోనే చిక్కటి పులుసు కాచాను. దించి పక్కన పెట్టి, నా పనితనానికి నేనే మురిసిపోతున్నాను. అప్పుడు దొడ్డిగుమ్మంలో జయమణి కనపడింది.

“శెట్టిగారూ, పులుసు అందులో కాచారా?”

“నీకెందుకు? తాళంచెవి అక్కడ పెట్టి వెళ్లు.”

ఆమె గడప దాటి గబగబా లోపలికొచ్చింది. కొంగు చేతులకు చుట్టుకుని గుండిగను ఒక్క తోపు తోసింది. నలభైమంది పులుసూ తూములోకి పోయింది.

నా నోటి నుంచి ఏం మాటలు వచ్చాయో రాయలేను. చెయ్యి కూడా ఎత్తాను. ఆ అరుపులకు వీరరాఘవయ్యగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. వంటింట్లో జయమణిని చూసి ముందు ఆయన మొహం మారిపోయింది. తరవాత పడి ఉన్న గుండిగ లోపలికి చూసి వేలితో రుద్దారు.

“కళాయి ఏదీ? వట్టి ఇత్తడిలో చింతపండు పులుసా! చిలుము దిగుతుందయ్యా, విషం! తిన్నవాళ్లు తిన్నట్టే వాంతులతో పడిపోయేవాళ్లు. వాళ్లలో చంటిపిల్లలు కూడా ఉన్నారు. ఎవరు తోమారు దీన్ని?” అని ఆమె వైపు తిరిగారు.

జయమణి నేలచూపులు చూస్తూ నిలబడింది. నా పేరు చెప్పలేదు. కాలిన అరచేతులు కొంగులో దాచుకుంది.

“నేనేనండి,” అన్నాను. “వద్దని రెండుసార్లు చెప్పింది. నేనే తోమి, ఆమెనే పొమ్మన్నాను.”

పెద్దాయన జయమణి దాచుకున్న చేతుల వైపు చూశారు. తరవాత, “అమ్మాయ్, చేతులకు కాస్త వెన్న రాసుకుని, ఆ మూల కొత్త కుండ ఇలా అందుకో,” అన్నారు. జయమణి బెదురుతూనే కుండ అందించింది. ఆయన దానిమీద నీళ్లు చల్లలేదు.

పదకొండింటికి యాత్రవాళ్ల బస్సు వచ్చేసరికి కుండలో పులుసు తయారైంది. ఒక ముసలమ్మ రెండోసారి అడిగి మరీ పోయించుకుంది. తల్లుల పక్కన కూర్చుని పులుసన్నం జుర్రుకుంటున్న పిల్లల్ని చూస్తుంటే తూములోకి పోయిన పులుసే గుర్తొచ్చింది. ఆ పూట నన్ను ఆ పాపం నుంచి తప్పించిన మనిషి దొడ్లో ఎంగిలాకులు ఎత్తుతోంది. నన్ను కన్నవాళ్లు కూడా నాకంత ఉపకారం చేసి ఉండరు.

బస్సు వెళ్లాక ఆమె దగ్గరకు వెళ్లాను. “తప్పయిపోయింది జయమణీ. మళ్లీ పనిలోకి రా. నీ పనేంటో ఈసారి నువ్వే చెప్పు, నేను వింటా.”

ఆమె ఎత్తుతున్న ఆకులు కింద పెట్టింది.

“పొయ్యెక్కే ముందు ప్రతి గిన్నె లోపలా నేను చూడాలండి. దానికి వంటింట్లోకి రానియ్యాలి.”

“సరే.”

“కళాయివాణ్ణి నేను చెప్పినప్పుడల్లా పిలిపించాలి.”

“పిలిపిస్తా.”

“ఇంకోటుందండి.” చెప్పాలా వద్దా అని వసారాలోని వీరరాఘవయ్యగారి వైపు చూసింది. ఆయన చెప్పమని తలూపారు.

“గిన్నెలు మీరు ముట్టుకోమాకండి.”

వసారాలో పెద్దాయన పగలబడి నవ్వి దగ్గు తెచ్చుకున్నారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ముట్టుకోనమ్మా,” అన్నాను.