పండు కోసిన వేలు

తొమ్మిదింటికి ఫోన్‌లో అలారం మోగేసరికి నా చేతిలో కత్తి ఉంది. ఆయన డబ్బాలోకి, అత్తయ్య గిన్నెలోకి మామిడిపండు కోస్తున్నాను. నేను టిఫిన్ తిని రెండు గంటలయింది, షుగర్ చూసుకోవాలి. వంటింటి గుడ్డకి చెయ్యి తుడుచుకుని, వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్క మిషన్ పట్టీకి అంటించాను. నూట తొంభై నాలుగు.

"మళ్ళీ ఏం తిన్నావు దొంగచాటుగా? కడుపులో బిడ్డ ఉందన్న ధ్యాసైనా లేదా?" అంది అత్తయ్య. "మిషన్‌కి నీమీద పగేముంటుంది?" అన్నారు ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా. పది రోజులుగా ఇదే వరస. మధ్యాహ్నం ఆఫీసులో చూసుకుంటే మామూలుగానే ఉంటుంది, అవేమో నేను తగ్గించి రాసినవట. ఈ అంకెలు రాసుకునే పుస్తకం చూసే రేపు డాక్టరమ్మ ఇన్సులిన్ సంగతి తేలుస్తానంది. ఏడో నెల. ఏమీ తినకుండానే నా మీద నాకే అనుమానం పట్టుకుంది.

నా ఉద్యోగం దుకాణాల్లో త్రాసులు తనిఖీ చేయడం. త్రాసు తప్పు చూపిస్తోందని ఎవరు మొత్తుకున్నా, ముందు పళ్ళెం శుభ్రంగా తుడవమంటాను. అది గుర్తొచ్చి నా వేళ్ళ వైపు చూసుకున్నాను. జిగురు. సబ్బుతో రుద్ది రుద్ది కడిగి, పొడిగా తుడుచుకుని, కొత్త సూదితో ఇంకో వేలు గుచ్చుకున్నాను. నూట పదమూడు. గంతులేయాలనిపించింది, పొట్ట గుర్తొచ్చి ఆగాను.

"ఏమండీ, ఈ ముక్కలు కాస్త డబ్బాలో సర్దండి," అన్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి సర్దారు. అదే చెయ్యి పట్టుకుని, ఇంకో కొత్త సూదితో ఆయన వేలు గుచ్చాను. రెండు వందల నలభై.

ఆయన ముఖం పాలిపోయింది. "నేనేం తినలేదే. ఒట్టు, ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు."

అత్తయ్య గిన్నె కింద పెట్టేసింది. వాడికి షుగరేమిటని గాభరా పడింది గానీ, దొంగచాటుగా తిన్నావా అని మాత్రం అడగలేదు.

"కంగారు పడకండి, అది వేలికంటిన పండురసం," అన్నాను. నా రెండు అంకెలూ పుస్తకంలో పక్కపక్కనే రాసుకున్నాను. రేపు ఇవి డాక్టరమ్మకి చూపించి, ల్యాబులో కూడా రక్తపరీక్ష చేయించమంటాను. కత్తి కడిగి ఆయన ముందు పెట్టాను. "రేపట్నుంచి పండు మీరు కోయండి. తొమ్మిదింటికి నా చేతులు నాకు కావాలి."

ఆయన ఇంకా వేలు చూసుకుంటూనే ఉన్నారు. "నిజంగా తినలేదు," అన్నారు మళ్ళీ.

"తెలుసు," అన్నాను. "మీరు చెబితే నమ్మడానికి నాకు మిషన్ అక్కర్లేదు."