ఎనామిల్ మీద డ్యూకో

మిరపకాయ చీలిక మరీ లోతుగా పోయింది, గింజలు నూనెలో పడితే చిటచిటలాడి చెయ్యి కాలుతుంది, ఇవాళ నా చెయ్యి నా మాట వినడం లేదు, వాకిట్లో లింగమూర్తి చెప్పులు విడిచిన చప్పుడు విన్నప్పటి నుంచీ వినడం లేదు, ఆదివారం సాయంత్రాలు మా ముందరి గదికి వచ్చేవాళ్ళలో చెప్పులు రెండూ జతగా గోడవైపు తిప్పి పెట్టేది అతనొక్కడే, మిగిలినవాళ్ళవి ఎక్కడివక్కడ, రాజమల్లువి అయితే ఒకటి గడప పక్కన, ఒకటి తులసికుండీ దగ్గర, నేనే కాలితో సర్దుతాను, సర్దానని ఎవరూ గమనించరు, ఇవాళ లింగమూర్తివి కూడా చెదిరి ఉన్నాయి, చంకలో తువ్వాలు మూట, బడిలో పలక పగలగొట్టుకున్న పిల్లాడు దాన్ని ఇంటికి తెచ్చినట్టు తెచ్చాడు, మూట విప్పకముందే నాకు తెలిసిపోయింది, లోపల అతను చేసిన రేకు జీపు మీది రంగు ముడుచుకుపోయింది, పోయిన ఆదివారం మా ఆయన ఆ సలహా ఇస్తున్నప్పుడు టీ కప్పులు పట్టుకుని ఇదే గుమ్మంలో నిలబడి విన్నాను, నోరు జారింది కాబోలు, మళ్ళీ సరిదిద్దుకుంటాడులే అనుకున్నాను, నోరు జారే మనిషా వెంకట్రాజం, ఆఫీసులో రోడ్ల నక్షాలు గీసే మనిషి, గీత వెంట్రుకవాసి లావైతే కాగితం మార్చే మనిషి, ఇంట్లో కార్లు చేస్తాడు, బొమ్మ కార్లు అంటే ఊరుకోడు, మోడల్ అనాలి, అసలు కారులో రెండడుగులు ఇక్కడ ఒక అంగుళం, డాల్డా డబ్బా రేకుతో ఒళ్ళు, సైకిల్ ట్యూబుతో టైర్లు, దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములతో అద్దాలు, వేడినీళ్ళలో సోడా వేసి ఆ ఫిల్ములు కడిగేది నేను, ఎవరివో పక్కటెముకలు ఒక్కొక్కటే నా వేళ్ళ కింద కరిగి తొట్టిలోకి పోతాయి, కింద తేటగా అద్దం తేలుతుంది, బాగా కడిగినవ్ సావిత్రీ అంటాడు, ఆ మాట కోసం మళ్ళీ ఇంకొకటి కడుగుతాను.

ఆ జీపు మాత్రం, దాని సంగతి వేరు, పోయిన ఆదివారం అది ఇంకా రంగు పడని జీపు, ఎర్రటి ప్రైమర్ అడుగుపూతలో టీపాయి మీద నిలబడి ఉంది, గదిలో ఉన్న ఆయన అంబాసిడర్లు, ఫియట్లు అన్నీ ఒక్కసారిగా నిజంగానే బొమ్మలైపోయాయి, నాకలా అనిపించింది, ఆయనకూ అనిపించిందని ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్న తీరులో తెలిసింది, లింగమూర్తి పత్తి కమీషన్ దుకాణంలో గుమాస్తా, పుట్టింది మగ్గాల ఇంట్లో, తెగిన పోగులు అతికి అతికి పెరిగిన వేళ్ళు, అతను చేసింది తన తమ్ముడు సారయ్య నడిపిన జీపు, ములుగు నుంచి వరంగల్‌కి మనుషుల్ని ఎక్కించుకుని తిరిగేవాడు, దారిలో గట్టమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టనిదే బండి ముందుకు పోనిచ్చేవాడు కాదట, పోయిన ఏడు మలుపులో బోల్తాపడి బండి అంటుకుంది, సారయ్య లోపలే ఉన్నాడు, ఎడమ మడ్‌గార్డు మీద సారయ్య ఎప్పుడో రాయికి కొట్టిన సొట్టను కూడా ఇతను సుత్తి మొనతో దించాడు, అద్దం ముందు గట్టమ్మ ఎర్రగుడ్డ పీలిక కూడా కట్టాడు, ఎవరికోసమంటే తల్లి మొగిలమ్మ కోసం, ఆమె కళ్ళకు పొరలు వచ్చాయి, కొడుకు మొహం చివరిసారి చూడనియ్యలేదు, చూసేటట్టు లేదని చూడనియ్యలేదు, శుక్రవారం సంవత్సరీకం, ఫోటో ముందర సారయ్యకు ఇష్టమైనవన్నీ పెడతారు, చేపల పులుసు, బీడీలు, ఈ జీపు, నాకు కండ్లు లేకపాయె, చేతితోటన్న చూస్త నా కొడుకు బండిని అన్నదట ముసలామె, ఇక ఒక్క ఆకుపచ్చ పూత మిగిలింది అన్నా, నిగనిగ మెరవాలె, చెయ్యి పెడితే జారాలె, ఎట్ల వెయ్యాలె అని అడిగాడు లింగమూర్తి, మా ఆయన తుడిచిన కళ్ళద్దాలు పెట్టుకుని, జీపును రెండు చేతుల్లోకి తీసుకుని, ఎంతో ప్రేమగా చెప్పాడు, ముందు ఎనామిల్ వెయ్యి, ఒక దినం ఆరబెట్టు, దాని మీద డ్యూకో కొట్టు, అద్దం లెక్క మెరుస్తది.

పెళ్ళయిన కొత్తలో, డాబా మీద, ఎండ, నేను వడియాలు పెడుతున్నాను, సావిత్రీ ఇటు రా, తమాషా చూద్దువు గాని అని పిలిచాడు, పాలపొడి డబ్బా మూత మీద పచ్చటి ఎనామిల్, తలుపులకు వేసే రంగు, ఆరి ఉంది, దాని మీద బ్రష్‌తో డ్యూకో, కార్లకు కొట్టే మెరుపు రంగు, రాశాడు, ఒక్క క్షణం ఏమీ లేదు, తర్వాత ఆ పచ్చదనం కదిలింది, పాల మీది మీగడను ఊదితే దగ్గరకు జరిగినట్టు ముడతలు ముడతలుగా లేచింది, పైది కిందిదాన్ని తింటాంది చూడు, దాంట్ల కలిపే థిన్నర్ గుణం అది, ఎన్నడు ఎనామిల్ మీద డ్యూకో వెయ్యొద్దు, యాది పెట్టుకో అన్నాడు, నేనేం కార్లు చేస్తానా అని నవ్వాను, ఆయన నవ్వుతున్నాడు కాబట్టి నవ్వాను, మళ్ళీ అదే మాట తలకిందులై పోయిన ఏడు రాజమల్లుకు చేరింది, రాజమల్లు కరెంటు మగ్గాల మెకానిక్కు, ఎర్ర బస్సు చేశాడు, కిటికీలు జారేవి, తలుపు మడతపడేది, అది చూసి గదిలో అందరూ లేచి నిలబడ్డారు, ఆ మరుసటి ఆదివారం రాజమల్లు బస్సును సంచిలో పెట్టుకొచ్చాడు, కుష్టు వచ్చిన చర్మంలా ఉంది, ఆ తర్వాత రాజమల్లు ఏ బండీ చెయ్యలేదు, మా ఆయన కార్లకే లప్పం పెట్టి, నీళ్ళు చల్లి, ఎమెరీ కాగితంతో రుద్దుతూ కూర్చుంటాడు, ప్రతి ఆదివారం, తన ఇష్టంతోనే, మెచ్చుకుంటే ఎర్రబడతాడు, మిగతా సలహాలన్నీ నిజమే చెప్తాడు ఆయన, అది ఒప్పుకోవాలి, రేకు వంచే ముందు ఎక్కడ గీటు పెట్టాలో, లప్పం మందంగా ఒక్కసారి కాక పలచగా ఎన్నిసార్లు పెట్టాలో, దాపరికం లేకుండా చెప్తాడు, చేతకాని వాళ్ళకు చివరిదాకా నిజమే చెప్తాడు, తనకంటే బాగా చేసినవాడికే చివరి పూత దగ్గర, చాలు, ఆ ఆలోచన అక్కడ ఆపు సావిత్రీ, నూనె కాగింది.

బజ్జీలు తేలాయి, ముందరి గదిలో మాటలు ఆగాయి, అంటే తువ్వాలు విప్పారు, పళ్ళెం తీసుకుని గుమ్మందాకా వచ్చి ఆగాను, జీపు ఆయన ఒళ్ళో ఉంది, బానెట్టు నుంచి వెనక చక్రం దాకా పచ్చటి తోలు లేచి ముడుచుకుంది, మడ్‌గార్డు మీది సొట్ట ఆ ముడతల్లో ఎక్కడో పోయింది, అవ్వ అడుగుతనే ఉన్నది అన్నా, ఆరనియ్యవే అంటె వినలేదు, చెయ్యి పెట్టి చూసి గుంజుకున్నది, కాలినట్టున్నదేందిరా అన్నది, ఒక్క ముద్ద ముట్టలేదు అప్పటిసంది, లింగమూర్తి గోడకు చెప్తున్నట్టు చెప్పాడు, మా ఆయన బొటనవేలు కదులుతోంది, ఒక్కో ముడత మీద మెల్లగా, ఇటు నుంచి అటు, కందిన పసిబిడ్డకు వెన్న రాసినట్టు, ఆ వేలిని నేనెరుగుదును, ఆ నెమ్మది నాకు తెలుసు, పోనీతియ్ లింగమూర్తీ, అందరి చేతికి అన్ని రావు, అన్నాడు, ఆ మాట ఆ గొంతుతో, ఏళ్ళ కిందట, నా పాపిట మీద అదే బొటనవేలు, ఇటు నుంచి అటు, ఇంటర్వ్యూకు కట్టుకుపోయిన లేత నీలం చీర ఇంకా విప్పలేదు నేను, మంచం పట్టె మీద కూర్చుని ఏడుస్తున్నాను, హనుమకొండలో ఒక బడిలో సైన్సు టీచరు ఉద్యోగం, వాళ్ళు పిలిచినవాళ్ళలో బి.ఎస్సీ. ఫస్టు క్లాసు నేనొక్కదాన్నే, ముందురోజు సాయంత్రం ఆయనే కూర్చోబెట్టి నేర్పించాడు, ఎట్లా నమస్కారం పెట్టాలో, గొంతు ఎంత ఎత్తులో ఉండాలో, అన్నీ మంచివే, చివరికి ఎందుకు చేస్తవు ఉద్యోగం అని అడుగుతరు, మా ఆయనకు నౌకరి ఉన్నది, నాకు అవసరం లేదు, ఇంట్ల పొద్దు పోక వచ్చిన అని చెప్పు, అవసరం లేని మనిషంటే ఇజ్జత్ ఇస్తరు, అన్నాడు, చెప్పాను, నవ్వు మొహంతో చెప్పాను, అప్పటిదాకా నా మాటలు రాసుకుంటున్న పెద్దపంతులమ్మ కలానికి మూత పెట్టేసింది, ఆ మూత చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది, అందరి చేతికి అన్ని రావు సావిత్రీ, ఆయన ఒళ్ళో తల పెట్టుకుని అంత చల్లగా నేనెన్నడూ ఏడవలేదు, ఎంత మంచివాడు అనుకున్నాను, ఓడిపోయిన నన్ను ఇంకా దగ్గరకు తీసుకున్నాడు అనుకున్నాను.

ఇప్పుడేం చెయ్యాలె అన్నా, శుక్రవారం దగ్గరకొచ్చె, అంటున్నాడు లింగమూర్తి, మా ఆయన జీపును వెలుగుకు ఎత్తి పట్టుకుని, ఏం ఫికర్ చెయ్యకు, పైపైన జర ఎమెరీ కొట్టు, మల్ల అదే డ్యూకో ఇంకింత చిక్కగ కొట్టు, కప్పుకపోతది అన్నాడు, కప్పుకుపోదు, కింద ఎనామిల్ ఉన్నంతసేపు మళ్ళీ లేస్తుంది, ఈసారి ఇంకా లావుగా లేస్తుంది, ఆ ముసలామె శుక్రవారం, అందరి ముందర, ఫోటో ముందర, మళ్ళీ చెయ్యి పెడుతుంది, పళ్ళెం టీపాయి మీద పెట్టాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, తమ్మీ, ఎనామిల్ మీద డ్యూకో వేస్తే ఎవరు వేసినా ముడుచుకుంటది, నీ చేతిది తప్పు కాదు, థిన్నర్ పెట్టి రేకు తేలేదాక మొత్తం తీసెయ్యి, మల్ల ప్రైమర్ పెట్టి ఒక్క ఎనామిలే పలచగ వెయ్యి, శుక్రవారానికి ఆరుతది, మొగిలమ్మ చెయ్యి పెట్టొచ్చు, అన్నాను, ఇంకొకటి కూడా అన్నాను, ఈ సంగతి మా ఆయనే నాకు డబ్బా మూత మీద చేసి చూపించిండు అన్నాను, అనేసి ఆయన్ని చూశాను, కోపం వస్తుందనుకున్నాను, రాలేదు, ఆయన మొహం తల్లి మొహంలా మెత్తబడింది, మా సావిత్రి బి.ఎస్సీ. కదయ్యా, అప్పుడప్పుడు కెమిస్ట్రీ యాదికొస్తది, అన్నాడు, గది గొల్లుమంది, అందరికంటే గట్టిగా రాజమల్లు, నాది గూడ గట్లనే ముడుచుకపోయింది వదినా, తప్పు రంగుది కాదు, చేతిది, అన్న నాకు ఎప్పుడో చెప్పిండు, మీరు బజ్జీలల్ల వంటసోడా లెక్క చూస్తే మాకు గదే పదివేలు, అన్నాడు, బజ్జీ తుంచిన ఆ వేళ్ళ సందుల్లో మా ఆయన ఫియట్టు తాలూకు లప్పం తెల్లగా ఎండి ఉంది.

లింగమూర్తి నవ్వలేదు, ముందు నవ్వలేదు, జీపును చూశాడు, నన్ను చూశాడు, ఆ చూపు సూటిగా వచ్చి నా కళ్ళలో ఆగింది, తెలివైన మనిషి, సొట్టను సొట్టలా దించగలిగిన మనిషి, నేను చెప్పింది అతని మొహంలోకి దిగడం నేను చూశాను, నోరు తెరుచుకుంది, అడుగుతాడు, అన్నా గిది నిజమేనా అని అడుగుతాడు, ఆ ఒక్క మాట అడిగితే చాలు, మా ఆయన బొటనవేలు జీపు బానెట్టు మీద ఇటు నుంచి అటు, ఇంకోసారి, లింగమూర్తి ఆ వేలిని చూశాడు, గదిని చూశాడు, గోడకు వరుసగా ఉన్న కార్లను, తనకు జరిగి చోటిచ్చిన రాజమల్లును, తన ముందర పొగలు కక్కుతున్న బజ్జీని, అప్పుడు నవ్వాడు, అందరూ నవ్వడం అయిపోయాక, ఒక్కడే, అన్న చెప్పినంక ఇగ వేరే ఏముంటది వదినా, అన్నాడు, అని జీపును తువ్వాలులో చుట్టుకున్నాడు, ఆ నవ్వును నేనెక్కడో విన్నాను, ఎక్కడ, బావి గట్టు దగ్గర, పక్కింటి రాజక్క చేదతాడు చేతిలోనే ఆపి, ఏందే, నాకు అవసరం లేదని చెప్పినవా, గా మాట ఎవలు చెప్పుమన్నరే నీకు, గా మాట నేర్పి పంపిన మొగోడు నిన్ను నౌకరికి పోనిచ్చేటోడు కాదే పిచ్చిదానా, అన్నప్పుడు, ఒక్క క్షణం, బావిలో బకెట్టు నీళ్ళను తాకేంత సేపు, అన్నీ తేటగా కనబడ్డాయి నాకు, అప్పుడే నవ్వాను, మా ఆయన అట్లాంటి మనిషి కాదు రాజక్కా అని నవ్వాను, ఇదిగో ఇట్లాగే, ఆలస్యంగా, ఒక్కదాన్నే, రాజక్క మాట నాకు నమ్మబుద్ధి కాలేదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను, వాకిట్లో లింగమూర్తి చెప్పులు వేసుకుంటున్నాడు, వచ్చే ఆదివారం నుంచి అతనికీ ఒక ఎమెరీ కాగితం ఇస్తారు, ఆయన లోపలి నుంచి సావిత్రీ, రెండు ఫిల్ములు నానబెట్టినవా అని అడుగుతున్నాడు, నానబెట్టిన అంటున్నాను, అవును, లింగమూర్తి నా మాట నమ్మాడు, నమ్మాకే నవ్వాడు, నేనూ అంతే, రాజక్క మాట నమ్మిన తర్వాతే నవ్వాను.