ఎడమ చెయ్యి పిడి మీద

నగరిలో రెండు మరమగ్గాలు నడిపే ఉదయలక్ష్మి తన సొంత సంపాదనతో కెమెరా కొనుక్కోవడానికి తిరుపతి వచ్చింది. వద్దంటున్నా వినకుండా అన్న నాగరాజు వెంటపడి వచ్చాడు. ఆడమనిషి తన ముచ్చట కోసం ఒక్క వస్తువు కొనుక్కుంటానంటే చాలు, ఎక్కడలేని పెద్దరికాలూ పుట్టుకొస్తాయి!

కొట్టు యజమాని బాలచంద్ర గుమ్మడికాయంత కెమెరా తెచ్చి బల్లమీద పెట్టాడు. "పెళ్లిళ్లకంతా ఇదే పోతాదమ్మా."

నాగరాజు మొహం వెలిగిపోయింది. "ఇదే తీసుకోమే. ముహూర్తాలొస్తే పెట్టిన దుడ్డు తిరిగొచ్చేస్తాది."

"నాకు పెళ్లిళ్లు వద్దన్నా. మగ్గంలో ఉరికే నాడె ఫొటో కావాల. ఫోన్‌లో తీస్తే అలుక్కుపోతా ఉండాది."

పోగుల మధ్య అటూ ఇటూ దూసుకుపోయే ఆ నాడెను ఒక్కసారైనా ఆపి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది. ఏళ్లతరబడి నడుపుతోంది గానీ, అది పరుగులో ఎలా ఉంటుందో కంటితో చూసిందే లేదు.

"దానికైనా ఇదే మేలమ్మా. రెండు చేతులా గట్టిగా పట్టుకోవాల, అంతే," అన్నాడు బాలచంద్ర.

"రెండు చేతులు యాడివి సార్? పోగు తెగినప్పుడు మగ్గం ఆపొద్దా? నా ఎడం చెయ్యి పిడి మీదనే ఉంటాది."

పెద్దదాన్ని కుడిచేత్తో ఎత్తి చూసింది. బరువుకు చెయ్యి కిందికి వాలిపోయింది. దించేసి, అద్దాల బీరువా మూలనున్న పాత చిన్న కెమెరా అడిగింది. ఫ్యాను జోరుగా పెట్టించి, మగ్గం పిడి పట్టినట్టు ఎడమచెయ్యి బల్ల అంచున బిగించి, కుడిచేత్తో నొక్కింది. ఫొటోలో మూడు రెక్కలూ దేనికది ఆగి ఉన్నాయి.

"ఇదే కావాల."

"పిల్లోళ్లు ఆడుకునేదా? నేను ఒప్పుకోను!" నాగరాజు మండిపడ్డాడు.

"నిన్నెవురు అడిగినారు?" అని ఆమె డబ్బు కట్టి కెమెరా సంచిలో వేసుకుంది.

మర్నాడు షెడ్డులో మగ్గాల మోత. నాగరాజు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు, ఏం తీస్తుందో చూద్దామని. ఉదయలక్ష్మి కెమెరా ఎత్తిపట్టి కాచుకుంది. టప్పున పోగు తెగింది. ఎడమచెయ్యి పిడి లాగింది, మగ్గం ఆగేలోపే కుడిచెయ్యి కెమెరా మీట నొక్కింది.

ఫొటోలో తెగిన పోగు కొస పైకి లేచి ఉంది. దాని కింద నాడె, సగం దారిలో, చెక్క మీది గీతలతో సహా కదలకుండా ఉంది. ఉదయలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాగరాజు తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగానే ఉండాది. అయితే దీన్ని ఎవురు కొంటారు?"

"నేనమ్మితే గదా కొనేది!" అంటూ ఆమె పోగు ముడేసి మగ్గం నడిపింది.