సరంగు దాచిన డీజిలు

సూర్యారావు సఖినేటిపల్లి రేవులో లాంచీ నడిపే సరంగు. పదేళ్లుగా ఖాకీ చొక్కా తొడుక్కుని, వశిష్ఠ గోదావరి మీద నరసాపురానికీ ఇక్కడికీ జనాన్ని అతనే దాటిస్తున్నాడు. మేష్టర్లూ, పెళ్లివారూ కూడా "సరంగు గారూ, ఒక్క నిమిషం ఆపండి" అంటూ గట్టు మీంచి పరిగెత్తుకొచ్చేవారు. ఆ బతిమాలడం అతనికి అన్నం కన్నా ఇష్టం.

డెబ్బై తొమ్మిదిలో డీజిలు కరువొచ్చింది. లాంచీకి వచ్చేది సగమైంది. రేవుని వేలంలో పాడుకున్న ప్రకాశరావు రెండు ఒడ్డుల పెద్దల్నీ కూర్చోబెట్టాడు.

"ఇది నెలా రెణ్ణెల్లలో పోయేది కాదండి. ఇక లాంచీ పొద్దున్నో ట్రిప్పు, సాయంత్రం రెండు. మిగతావన్నీ తెరచాప పడవలే. మాఘమాసంలో అంతర్వేది తీర్థం నాటికి ఆరు పడవలు తయారవ్వాలి. ఆ పనంతా నూకయ్య గారు చూస్తారు."

నూకయ్య గారట! లాంచీ వచ్చాక ఎక్కేవాళ్లు లేక, పాత పడవలో కొబ్బరికాయలు మోసుకుంటున్న అరవై ఏళ్ల ముసలాయన. నిన్నటిదాకా సూర్యారావు హారన్ కొడితే పక్కకి తప్పుకున్న మనిషి.

ఆ మర్నాటి నుంచి రేవంతా నూకయ్యదే. చిరిగిన చాపలు కుట్టించాడు. పొలం పనుల్లోకి పోయిన పడవవాళ్లని వెతికి తెచ్చి, పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు, ఏ గాలికి చుక్కాని ఎటు తిప్పాలి అని మళ్లీ నేర్పాడు. గాలి లేనప్పుడు జనం ఆగడానికి రెండు ఒడ్డులా తాటాకు పందిళ్లు వేయించి, కుండలతో మంచినీళ్లు పెట్టించాడు. సూర్యారావు ఆగిన లాంచీలో కూర్చుని అన్నీ చూసేవాడు. ఎవరైనా "నూకయ్య గారూ" అని పిలిస్తే చెవిలో చీమ దూరినట్టుండేది.

ఒకరోజు అతని భార్య సత్తెమ్మ నూకయ్య పడవలోంచి నవ్వుకుంటూ దిగింది.

"నా లాంచీ సాయంత్రం ఉందిగా, ఆగలేకపోయావా?"

"నూకయ్య బాబాయి పడవలో మోత లేదండి. హాయిగా మాటాడుకుంటా వచ్చేం."

పదేళ్లలో ఆమె లాంచీ గురించి ఒక్క మంచి మాట అనలేదని అప్పుడే గుర్తొచ్చింది అతనికి.

ఆ వారం నుంచి లాంచీ డీజిల్లో కొంత తీసి, ఇంటి వెనక కొబ్బరి డొక్కల కుప్ప కింద దాచడం మొదలుపెట్టాడు. తీర్థం రోజున గాలి పడిపోతుంది, పడవలు నిలిచిపోతాయి, అప్పుడు తను లాంచీ తీస్తాడు. ఇదే అతని లెక్క. డీజిలు చాలడం లేదని చెప్పి సాయంత్రం రెండో ట్రిప్పు మానేశాడు. ఆ ట్రిప్పు జనాన్ని నూకయ్య తెడ్డేసుకుంటూ దాటించాడు. ముసలాయన అరచేతులు పొక్కులెక్కాయి. సత్తెమ్మ వెన్న పట్టుకెళ్లి ఇచ్చింది. అది చూసి సూర్యారావుకి జాలి కలగలేదు, ఇంకా మండింది.

తీర్థం రోజు పది గంటలకి అనుకున్నట్టే గాలి పడిపోయింది. పైగా పాటు, నీరు సముద్రంలోకి లాగేస్తోంది. నరసాపురం ఒడ్డున పందిరి నిండిపోయి, తీర్థానికి దాటాల్సిన జనం ఎండలో నిలబడ్డారు. నూకయ్య మాత్రం "ఒంటిగంటకి సముద్రం గాలి తిరుగుద్దండి, కూర్చోండి" అని తిరుగుతున్నాడు.

ఆ ఒడ్డునే ఆగి ఉన్న లాంచీలోంచి, తెల్లవారకుండానే అందులోకి చేర్చుకున్న ఆరు డబ్బాలూ సూర్యారావు బయటికి తీశాడు. ఇంజను అందుకుంది. "సరంగు గారూ! సరంగు గారూ!" మళ్లీ అదే పిలుపు. అతని ఒళ్లు పులకరించింది.

ప్రకాశరావు అడ్డొచ్చాడు. "ఇంత డీజిలు ఎక్కడిదయ్యా? చాలట్లేదని ట్రిప్పు మానేసింది నువ్వే కదా?"

సూర్యారావు చేతిలో డబ్బా కింద పెట్టేశాడు. జనంలో ఉన్న సత్తెమ్మ అతని ముఖం వంక చూసి, నూకయ్య చేతుల వంక చూసి, తల తిప్పేసుకుంది.

"నేనే దాచమన్నానండి," అన్నాడు నూకయ్య. "గాలి పడిపోతే పనికొస్తదని. మీకు చెప్పడం మరిచిపోయేను, ఆయ్."

లాంచీ నాలుగు ట్రిప్పులు తిరిగింది, పసిపిల్లల తల్లుల్ని, ముసలివాళ్లని దాటించింది. డీజిలు అయిపోయింది. ఒంటిగంటకి నిజంగానే గాలి తిరిగింది. ఆరు చాపలూ పొద్దుగూకేదాకా ఆగలేదు.

జనం పలచబడ్డాక సూర్యారావు నూకయ్య దగ్గరికి వెళ్లాడు. కృతజ్ఞత చెబుదామని కాదు. ఆ అబద్ధాన్ని అతను భరించలేకపోయాడు.

"నన్నెందుకు కాసేవు మావా? అందరి ముందూ గొప్పవాడివి అనిపించుకోడానికా?"

నూకయ్య చుట్ట ముట్టించాడు. "అల్లుడూ, నీ లాంచీ వచ్చిన కాడ్నించీ పదేళ్లు, పొద్దున్నే లేచి గోదారికి దణ్ణం పెట్టి, నీ ఇంజను ఆగిపోవాలని మొక్కేను. నువ్వు హారను కొట్టినప్పుడల్లా నా మనసులో నిన్ను ముంచేసేను. డబ్బాలు చూడగానే తెలిసిపోయింది. ఆ ఏడుపు నాకు తెలీదేటి?"

సూర్యారావు రేవులో ఆగిన లాంచీ వంక చూశాడు.

"ఆగిపోయింది కదా నీ ఇంజను. నేననుకున్నంత సంతోషం రాలేదురా," అన్నాడు ముసలాయన.

ఆ రోజు ఇంట్లో సత్తెమ్మ అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. మర్నాడు సూర్యారావే ప్రకాశరావు దగ్గరికెళ్లి డీజిలు సంగతి చెప్పేశాడు. సరంగు పని మరొకరికి పోయింది. నెల తిరక్కుండా అతను నూకయ్య పడవలో తెడ్డు పట్టుకున్నాడు. పదేళ్లు చక్రం తిప్పిన చేతులకి పొక్కులొచ్చాయి. సత్తెమ్మ ఈసారి వెన్న అతనికి రాసింది, ఆ రోజు నుంచి మాట్లాడింది కూడా.

అతని అసూయ పోయిందని చెబితే అబద్ధం. పక్క పడవలో కుర్ర పడవవాడు పెద్దిరాజు తెరచాప ఎత్తుతుంటే నూకయ్య "సెబాస్" అన్నాడు. తెడ్డు వేస్తున్న సూర్యారావుకి గుండెలో కలుక్కుమంది. పళ్లు బిగించి ఇంకా బలంగా తెడ్డు వేశాడు.