కాలవ మూల నివ్వరి

కంప్యూటర్ తెరమీద ఎర్రగీత మెల్లగా పాకుతోంది. కొండలరావు టీ గ్లాసు పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆకుపచ్చ గీత దానికి కాస్త పైనుంచి పోతోంది. ఎర్రది తనంతట తాను మొలిచే అడవి వరి, అదే నివ్వరి. ఆకుపచ్చది రైతు నాటే వరి. రెండూ పక్కపక్కన పూస్తే గాలికి దీని పుప్పొడి దానిమీద, దాని పుప్పొడి దీనిమీద పడుతుంది. పంట పంటకీ ఎంత పుప్పొడి అటూ ఇటూ దాటుతుందో ఒక అంకె ఇస్తే, వందల తరాల తరవాత రెండు జాతులూ ఏమవుతాయో ప్రోగ్రాం లెక్కకట్టి చూపిస్తుంది. అంకె పెద్దదయితే గీతలు రెండూ ఒకటైపోతాయి. నివ్వరి అనేది మిగలదు. సున్నా అయితే దేని దారి దానిది. మరీ చిన్న అంకె ఇచ్చినప్పుడు మాత్రం గీతలు దగ్గరకొచ్చి, ఒకదానిది ఒకటి కాస్త పుచ్చుకుని, పక్కపక్కనే సాగుతాయి. కొండలరావుకి అది చూడటం ఇష్టం.

ప్రోగ్రాం రాసింది సాయి ప్రియ అనే యువ శాస్త్రవేత్త. అంకెలు ఎక్కించడం, నడపడం, ఫలితాలు దాచడం కొండలరావు పని. బాపట్లలో ఈ ఉద్యోగానికి రాకముందు తెనాలిలో టైపు నేర్పేవాడు. మనిషి పొట్టి. ఏళ్ళ తరబడి తెరలోకి చూసి చూసి మెడ కాస్త ముందుకు వంగింది. చొక్కా చేతులు మోచేతుల దాకా శ్రద్ధగా మడుస్తాడు. ఆఫీసులో అతని పేరు చెబితే, "ఆ కిటికీ పక్కన కూర్చుంటారు, ఆయనేనా?" అంటారు.

ఆ ఉదయం అంగలకుదురులో, ఇంట్లో, అన్నం సర్దుతూ భార్య రిబ్కా అడిగింది.

"ఏవండీ, ఇంతకీ ఆ రెండు వడ్లూ కలవచ్చా, కలవకూడదా? ఏంటి మీ మేడం చెప్పేది?"

"పక్కపక్కన ఉన్నాక కలవకుండా ఎట్టా ఉంటాయి? ఎంత కలుస్తున్నాయనేదే లెక్క."

"అయితే వడ్లకి కూడా పెద్దలు ఒప్పుకోవాలన్నమాట!"

ఆ మాట తలుచుకుని రైల్లో తనలో తనే నవ్వుకున్నాడు. అతనిది వాడరేవులో చేపల వేటకెళ్ళే కుటుంబం. రిబ్కా వాళ్ళది లూథరన్ చర్చి. పెళ్ళికి రెండు వైపులా ఒక్కరూ రాలేదు. చాన్నాళ్ళకి ఒకరోజు అతని తల్లి ఎండుచేపల సంచితో గుమ్మంలోకి వచ్చింది. పోయేముందు పులుసులో మామిడికాయ ఎప్పుడు వెయ్యాలో కోడలికి చెప్పి పోయింది. ఇప్పటికీ ఆదివారం చర్చి నుంచి రాగానే రిబ్కా ఆ పులుసే పెడుతుంది. అతను బొట్టు మానలేదు గానీ, స్నానం చేస్తూ పాడేది చర్చి పాటలే.

"కొండలరావు గారూ, మనం రేపల్లె వెళ్ళాలండి," అంటూ సాయి ప్రియ ఆఫీసు గదిలోకి వచ్చింది. "అంకయ్య గారు ఫోన్ చేశారు. రేపే మిషన్ పెట్టి కాలవ తవ్విస్తారట."

రైతు అంకయ్య చేను పక్కన మురుగుకాలవ వెంట పెరిగిన నివ్వరి మీదే వాళ్ళ లెక్కంతా. ఈ ఏడు గింజ చేతికి రాకపోతే, చేలోని వరి అందులో ఎంత కలిసిందో తేలదు. అప్పుడు తెరమీద అంకె ఉత్త ఊహే.

వాళ్ళు వెళ్ళేసరికి తుఫాను వాన వెలిసింది గానీ అంకయ్య చేలో నీళ్ళు ఇంకా తీయలేదు. ఈనిన వరి సగం పడిపోయి ఉంది. అంకయ్య మోకాళ్ళ దాకా బురదతో ఎదురొచ్చాడు.

"నా చేను మునిగిపోతంటే మీరు గడ్డి కోసం వచ్చారా సార్? ఆ నివ్వరి నా చేలో కూడా మొలిచి, కోతకి ముందే గింజ రాల్చేస్తంది. దాన్ని ఉంచితే నాకేం ఒరుగుద్ది?"

కొండలరావు పడిపోయిన వరికేసి చూస్తూ నిలబడ్డాడు.

"నీళ్ళు పోవాల్సిందే బాబాయ్. తవ్వించు. ఆ తుమ్మచెట్టు కింద మూల ఒక్కటీ గింజ ముదిరేదాకా వదిలిపెట్టు. తరవాత మొక్క లేకుండా మేమే పీకేస్తాం."

"అందరూ అట్టాగే అంటారు. పీకేదెవరు?"

"నేనొస్తాను."

అంకయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "మీరొస్తానంటే సరే."

నివ్వరి ముదిరిన గింజని నిలుపుకోదు. అందుకని కొండలరావు చెప్పులు విడిచి, బురదలోకి దిగి, ఒక్కో కంకికీ బటర్ పేపర్ సంచి తొడిగి తెల్లదారంతో మూతి బిగించాడు. పని అయ్యాక గట్టెక్కి, దారం రీలు తుమ్మముల్లుకి తగిలించి, మానుకి ఆనుకుని కూర్చున్నాడు.

"కొంచెం మంచినీళ్ళు తెస్తారా మేడం?"

ఆమె జీపు దగ్గరికి వెళ్ళి సీసా తెచ్చేసరికి అతను కాలవకేసి చూస్తూనే ఉన్నాడు. రెండుసార్లు పిలిచింది. ఆసుపత్రిలో డాక్టరు, గుండె ఆగి అప్పటికే చాలాసేపయిందన్నాడు.

గింజ ముదిరాక సాయి ప్రియ రేపల్లె బయల్దేరుతుంటే రిబ్కా తనూ వస్తానంది. కాలవ పొడుగునా గట్లు తెగ్గొట్టినట్టున్నాయి. తుమ్మచెట్టు మూల మాత్రం మిషన్ పళ్ళు పక్కకి తిరిగిపోయిన జాడ కనిపిస్తోంది. నివ్వరి నిలబడే ఉంది.

"మిషనోడు దీన్ని కూడా లాగేస్తానన్నాడమ్మా. ఆయన మాటిచ్చి పోయాడు, ఎట్టా లాగుతాంరా అన్నాను," అన్నాడు అంకయ్య.

సాయి ప్రియ సంచులన్నీ కోసుకుంది. "వీటిని చల్లటి గదిలో దాస్తామమ్మా. ఎప్పుడు కావాలంటే అప్పుడు మొలుస్తాయి."

రిబ్కా తలాడించి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని బురదలోకి దిగింది. అంకయ్య వద్దన్నా వినలేదు.

"ఆయన వస్తానన్నారు గదండీ," అంది.

ఒక్కో దుబ్బూ వేళ్ళతో సహా పెకలించి గట్టున పడేసింది. మూల నున్నగా అయ్యాక కాలవలో చేతులు కడుక్కుని, చెట్టుకేసి ఒకసారి చూసి, జీపువైపు నడిచింది.

తుమ్మముల్లుకి తగిలించిన తెల్లదారం రీలు వానకి తడిసి, ఎండకి వెలిసి, ఇంకా అక్కడే ఉంది. వదులైన కొస గాలికి కాలవమీదికి లేచి, మళ్ళీ కొమ్మమీద వాలుతోంది.